కాగితాల మీద ఫిరంగి గుండు!

శామీర్‌పేటలో రోడ్డు పక్కనే ఓ పాత ఇనుప సామాన్ల దుకాణం. బిల్లులు ఎగిరిపోకుండా వాటిమీద నల్లటి గుండొకటి పెట్టి ఉంది. ఏంటన్నా ఇది అంటే, ‘ఏమో సార్, బాయి పూడిక తీస్తుంటే దొరికిందంట. మంచిగ బరువుందని పెట్టిన’ అన్నాడు.

దారం చుట్టి కొలిచాం. చుట్టుకొలత 28 సెంటీమీటర్లు. తక్కెడలో వేస్తే రెండు కిలోల ఏడువందల గ్రాములు. అంటే, ఆరు పౌండ్లు!

పాతకాలం ఫిరంగుల్ని గుండు బరువుతోనే పిలిచేవారు. మూడు పౌండ్లది, ఆరు పౌండ్లది, పన్నెండు పౌండ్లది... ఇలా. ఈస్టిండియా కంపెనీ సైన్యం యుద్ధభూమికి లాక్కెళ్లినవాటిలో ఆరు పౌండ్ల ఫిరంగులూ ఉండేవి. ఆ సైన్యం కోసం వెలసిన సికింద్రాబాద్‌కి ఆ పేరొచ్చింది 1806లో. ఇక నిజాం కొలువులోని ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు ఏదంటారా? మనం రోజూ బస్సు దిగే గన్‌ఫౌండ్రీ.

అలాగని కనిపించిన ప్రతి గుండూ ఫిరంగిది కాదు. ఆటల్లో విసిరే షాట్‌పుట్ ఉంది. మగవాళ్లది 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు. సిమెంటు ఫ్యాక్టరీ మిల్లుల్లో రాయిని పొడిచేసే ఉక్కు గుండ్లూ ఉన్నాయి. అందుకే కొలతా, తూకం రెండూ కలవాలి.

ఇంతా చేశాక తెలిసింది, మేం చేసిన పని తలకిందులని! ముందు చూడాల్సింది చిల్లు ఉందా అని. ఘనమైన గుండు ఉత్త ఇనుమే. బోలు గుండులో మాత్రం మందు కూరతారు. వత్తి పెట్టే చిల్లు మట్టితో, తుప్పుతో పూడిపోయి కంటికి కనబడకపోవచ్చు. మొన తేలి, అడుగు దగ్గర రాగి పట్టీ ఉంటే అది తర్వాతి కాలం షెల్. దాన్నీ నమ్మకూడదు.

పాత మందు చచ్చిపోతుందనుకుంటే పొరపాటే. 2008లో అమెరికాలోని వర్జీనియాలో ఇలాంటివి సేకరించే ఓ పెద్దాయన, 1860లనాటి అంతర్యుద్ధపు గుండుని శుభ్రం చేస్తుంటే అది పేలి ప్రాణం తీసింది. దాదాపు నూట నలభై ఏళ్ల తర్వాత!

కాబట్టి పొలంలోనో బావిలోనో ఇలాంటిది దొరికితే కదపకండి, గీకకండి, పాత సామాన్లకి అమ్మకండి. 100కి ఫోన్ చేయండి. మందున్న గుండుని లైసెన్సు లేకుండా ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం కూడా. చూడాలని సరదాగా ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉండనే ఉంది.

మా దుకాణం అన్న గుండుకి చిల్లు లేదు. అయినా మేం బయల్దేరేసరికి బిల్లుల మీద ఇటుకముక్క ఉంది. గుండు దూరంగా గోడవారన ఒంటరిగా పోలీసుల కోసం ఎదురుచూస్తోంది.