అరుగు ఉంటేనే అంగడి!

కోట ఎక్కడానికి భువనగిరి వెళ్లేవాళ్లు చాలామంది. ఐదువందల అడుగుల పైచిలుకు ఏకశిల, దాని మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో నిలిచిన దుర్గం... చూసి తీరాల్సిందే. దిగొచ్చాక మాత్రం ఓ పావుగంట పాత వీధుల్లో నడవండి. షట్టర్ల మీంచి చూపు కాస్త పైకి జరిపితే గూన పెంకులు, టేకు వాసాలు కనిపిస్తాయి. నిన్నటి ఇల్లే నేటి మడిగె!

ఇల్లు దుకాణం కావడం తప్పేం కాదు. ఇదే జిల్లాలోని పోచంపల్లిలో నేతన్న ఇల్లు ఎప్పుడూ సగం కార్ఖానాయే. లోపల గుంట మగ్గం... నేల చెమ్మ పోగును తొందరగా తెగనివ్వదు. మందమైన మట్టిగోడలు ఎండను ఆపుతాయి. ముందు అరుగు... వచ్చినవాళ్లు కూర్చోవడానికీ, చీర విప్పి చూపడానికీ అదే చోటు.

చిక్కల్లా మార్చే తీరులోనే. మొదటి గునపం దెబ్బ అరుగు మీదే పడుతుంది. తర్వాత దర్వాజా పీకేసి, షట్టరు కోసం గోడ కోస్తారు. చాలా పాత ఇళ్లలో పైకప్పు బరువు మోసేది ఆ మట్టిగోడే. సరైన దూలం వేయకుండా కోస్తే ఏదో ఒక వానాకాలం కుంగుతుంది. మిగిలిన గోడకు సిమెంటు పూస్తారు. సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి వదిలేది. సిమెంటు లోపలే పట్టేస్తుంది. కొన్నాళ్లకే పెచ్చులు! ఇక చూరు తీసేసి అద్దాలు బిగించిన బట్టల కొట్లో ఎండ తిన్నగా చీరల మీదే. రంగు వెలిసిన పట్టుచీరను ఎవరు కొంటారు?

ముఖం చెడకుండా కొట్టు నడపలేమా? నడుపుతున్నవాళ్లున్నారు. ఇంగ్లండులోని చెస్టర్‌లో మధ్యయుగం నాటి ఇళ్ల వరుసలున్నాయి. వీధి మట్టంలో ఒక వరస కొట్లు, మెట్లెక్కితే కప్పున్న నడవా, దాని వెంట మరో వరస. వందల ఏళ్లుగా బేరాలు సాగుతూనే ఉన్నాయి. ఆ దేశంలో చారిత్రక కట్టడాల జాబితాలో చేరిన ఇంటి రూపురేఖలు మార్చాలంటే అనుమతి తప్పనిసరి. మనకూ 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. అయితే వీధిలోని ప్రతి పెంకుటింటికీ చట్టం కాపలా కాయలేదు. ఆ పని ఇంటివాళ్లదే, అద్దెకు దిగినవాళ్లదే.

పెద్ద ఖర్చేం కాదు. దర్వాజా, చూరు అలాగే ఉంచండి. ముందుగది కొట్టు, వెనకది గోదాం. వెలుతురు చాలకపోతే కప్పులో నాలుగు అద్దపు పెంకులు వేయించండి. గోడకు సున్నమే కొట్టండి. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అంత దూరం నుంచి వచ్చేవాళ్లు షట్టర్లు చూడ్డానికి రారు కదా! అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి చీర విప్పితే... బేరం సగం కుదిరినట్టే.