దూరపు కొండలు నునుపు

మా డిపార్టుమెంటు బీరువాలోని ప్రాజెక్టు రిపోర్టులు వరసగా తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఏటేటా మ్యాపులు అందంగా తయారవుతున్నాయి. గీతలు నున్నగా, రంగులు ఒకదాంట్లోకి ఒకటి జారిపోతూ, క్యాలెండరు బొమ్మల్లా ఉంటున్నాయి. నా ఫిర్యాదు ఆ అందం మీదే. అలాంటి మ్యాపే గీసి బోల్తాపడ్డవాణ్ణి గనుక ఆ మాట అనే హక్కు నాకుంది.

నా డిసర్టేషన్ ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మన్యం వర్షపాతం మీద. భారత వాతావరణ శాఖవారు దేశాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించి, 1901 నుంచి రోజువారీ వానలెక్కలు ఇస్తున్నారు. పావు డిగ్రీ అంటే సుమారు 27 కిలోమీటర్లు. నేను తీసుకున్న ప్రాంతానికి అడ్డం అయిదు, నిలువు నాలుగు, మొత్తం 20 బిందువులు దక్కాయి. వాటితో గీస్తే గీతలు కోణాలు కోణాలుగా, చిరిగిన గొంగళి అంచులా వచ్చాయి. చూడ్డానికే సిగ్గేసింది. బిందువుకీ బిందువుకీ మధ్య దూరాన్ని పదేసి ముక్కలు చేసి, క్యూబిక్ స్ప్లైనుతో నింపమని కంప్యూటరుకి చెప్పాను. ఒక్క కమాండుతో 20 కాస్తా 1271 అయ్యాయి! పాలలో నీళ్ళు కలిపి పాడి పెరిగిందని మురిసినట్టు మురిసిపోయాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు కొండమీదున్న ఒక చిన్న సుడిమీద వేలు పెట్టారు.

"ఏమయ్యా, ఇక్కడ వానమాపకం ఉందా?"

"లేదండీ."

"మరి ఇంత వాన ఎవరు కొలిచారు?"

నేను మాట్లాడలేదు. ఆయన పేజీ తిప్పారు. అది తుపాను రోజు మ్యాపు. రంగుల పట్టీ కొస సున్నాకి దిగువన ఉంది. "మైనస్ వానా! కిందనుంచి పైకి కురిసిందా?" గదంతా నవ్వులు.

ఎలా జరిగిందో కాగితం మీద చూడొచ్చు. సమదూరంలో నాలుగు చోట్ల వాన 0, 0, 0, 80 మిల్లీమీటర్లు అనుకోండి. నాలుగింటి మీదుగా ఒక ఘన వక్రం గీస్తే, రెండో మూడో బిందువుల నడిమధ్య విలువ మైనస్ 5 వస్తుంది. అటూ ఇటూ పొడినేలే, మధ్యలో మాత్రం అప్పు! వంపు నునుపుగా తిరగాలంటే ఎక్కడో కిందికి దిగక తప్పదు మరి. కొండమీది సుడి దీనికి తిరగేసిన కథ. బైలీనియర్ పద్ధతికి ఈ జబ్బు లేదు, ఇచ్చిన విలువల హద్దు దాటదు. కొత్త కొలత మాత్రం అదీ పుట్టించదు.

అసలు ఆ గడుల అంకెలే కొలిచినవి కావు. దేశంలోని 6955 వానమాపక కేంద్రాల రికార్డులనుంచి, దూరంకొద్దీ బరువు తగ్గిస్తూ లెక్కకట్టినవి. దానిమీద నా లెక్క! వాయుపీడనం లాంటిది నెమ్మదిగా మారుతుంది, నునుపు చేసినా పెద్ద ప్రమాదం లేదు. మన్యంలో వాన అలా కాదు. కొండకి ఒకవైపు గొడుగు, రెండోవైపు ఎండ.

వైవాలో పోయింది మార్కులే. కానీ చెక్‌డ్యాములు కట్టే ఒక స్వచ్ఛంద సంస్థవారు అప్పటికే నా మ్యాపు కాపీ పట్టుకెళ్ళారు. ఆ సుడి కిందున్న గెడ్డనే జాబితాలో మొదట రాసుకున్నారు. ఉన్న సంగతి చెప్పడానికి పరుగెత్తాను. ఆ గెడ్డలో నీరు నిలవదని ఆ ఊరి ముసలాయన ముందే చెప్పాడట. "మ్యాపులో వాన కనబడుతోంది గదా" అని వీళ్ళే ఆయన నోరు మూయించారట.

అందుకే జూనియర్లతో పోట్లాడుతున్నాను. నునుపు చేసుకోండి, వద్దనను. అయితే అసలు బిందువులు ఎక్కడున్నాయో మ్యాపు మీద నల్ల చుక్కలు పెట్టండి, మధ్యవి ఏ పద్ధతిలో నింపారో అడుగున రాయండి. గైడ్లుగా ఉన్న లెక్చరర్లు కూడా చుక్కల్లేని మ్యాపుమీద సంతకం పెట్టకపోతే బాగుంటుంది.

నా రిపోర్టు ఆ బీరువాలోనే ఉంది. 1271 బిందువుల మ్యాపు చింపలేదు. ఎదురు పేజీలో 20 చుక్కల మ్యాపు అతికించాను. వికారంగానే ఉంటుంది.