మురుగు ఇక్కడ.. ముప్పు కడలి దాకా
పేటకో శుద్ధి కేంద్రంతోనే పెన్నకు రక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: సముద్రం కనుచూపు మేరలో లేని కరవు సీమ ఇది. అయినా ఇక్కడి కాలువల్లో పారే మురుగుకు చివరి గమ్యం బంగాళాఖాతమే. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా నది హిందూపురం మండలం వద్ద రాష్ట్రంలోకి ప్రవేశిస్తుంది. ధర్మవరం మీదుగా సాగే చిత్రావతి గండికోట ప్రాంతంలో పెన్నలో చేరుతుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద పెన్న కడలిలో కలుస్తుంది.

రోజుకు మూడు కోట్ల లీటర్లు

2011 జనాభా లెక్కల ప్రకారం హిందూపురంలో సుమారు 1.51 లక్షలు, ధర్మవరంలో 1.21 లక్షల మంది నివసిస్తున్నారు. భూగర్భ మురుగు వ్యవస్థ గల పట్టణాల్లో తలసరి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా మారుతుందని అంచనా. ఈ లెక్కన నీరందితే నాటి జనాభాకే రెండు పట్టణాల్లో రోజుకు దాదాపు 3 కోట్ల లీటర్ల మురుగు వెలువడుతుంది.

ఎండిన నదికే ఎక్కువ చేటు

ఏడాదిలో ఎక్కువ కాలం పెన్న, చిత్రావతి ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. పలుచన చేసే ప్రవాహం లేనందున మురుగు గుంటల్లో నిలిచి భూగర్భ జలాల్లోకి ఇంకుతుంది. 2021 నవంబరులో వచ్చినటువంటి వరదలు పోటెత్తితే పేరుకున్న మలినమంతా ఒక్కసారిగా దిగువకు కొట్టుకుపోతుంది. దారిలోని జలాశయాల్లో కొంత నిలిచిపోగా, మిగిలినది తీరానికి చేరుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం వల్ల నాచు విపరీతంగా పెరిగి, అది కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. అంటే ముందుగా నష్టపోయేది మన బావులు, చెరువులు. ఆ తర్వాతే తీరం.

చిన్న కేంద్రం.. పెద్ద పని

పేట స్థాయి కేంద్రంలో మొదట జల్లెడలతో చెత్తను, తొట్టెల్లో ఇసుకను వేరు చేస్తారు. తర్వాత గాలిని పంపితే సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. బురద అడుగుకు దిగాక పైనీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు. శుద్ధి చేసిన నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదని 2017లో కేంద్రం మహానగరాలు కాని పట్టణాలకు నిర్దేశించింది. నత్రజని, భాస్వరాలను తగ్గించాలంటే అదనపు దశలు తప్పవు. పేటలోనే శుద్ధి జరిగితే దూరాలకు పైపులు వేసే వ్యయం తగ్గుతుంది.

ఊరికో తీరు

పట్టుచీరలకు పేరొందిన ధర్మవరంలో అద్దకపు నీటిని ఇళ్ల మురుగుతో కలపరాదు. ఆ రసాయనాలు శుద్ధి చేసే సూక్ష్మజీవులనే దెబ్బతీస్తాయి. దానికి వేరే శుద్ధి అవసరం. 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన పెనుకొండ ప్రాంతంలో జనావాసాలు విస్తరించక ముందే కేంద్రాలకు స్థలం కేటాయించడం మేలు. హిందూపురంలో శుద్ధి చేసిన నీటిని పరిశ్రమలకు, మొక్కల పెంపకానికి మళ్లిస్తే తాగునీటిపై భారం తగ్గుతుంది.

కట్టడంతో సరిపోదు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు వెలువడుతుండగా, 3,184 కోట్ల లీటర్ల శుద్ధికి కేంద్రాలు ఉన్నాయి. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. కట్టిన కేంద్రాలు సైతం పూర్తిగా పనిచేయడం లేదన్నమాట. విద్యుత్ బిల్లు, శిక్షణ పొందిన సిబ్బంది, బురద తొలగింపునకు పురపాలక బడ్జెట్లో ఏటా నిధులు కేటాయిస్తేనే పెన్నకు, దాని చివరనున్న తీరానికి రక్షణ దక్కుతుంది.