చూపు ముందు, పేరు వెనుక

ఉగాది పచ్చడిలోకి తెచ్చిన వేపపువ్వు చూపించి "ఇదేమిటి చెప్పు?" అని మన పిల్లలను అడుగుతూంటాం. దాన్ని వాళ్ళెరుగుదురు. చేదని కూడా తెలుసు. కాని పేరు వెంటనే నోటికి రాదు. ఆ ఒక్క క్షణం ఓపిక పట్టలేక "మావాడికి తెలుగు రాదండీ" అని నలుగురిలో అనేసే పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. ఆ తీర్పు సరైనది కాదని నా అభిప్రాయం.

వస్తువును చూడటం, దాని పేరు చెప్పటం మనకు ఒకే పనిలా తోస్తాయి. మెదడుకు మాత్రం అవి వేరు వేరు పనులు. కంటికి కనిపించింది ముందు తల వెనుక భాగానికి చేరుతుంది. అక్కడ అంచులు, రంగు, కదలిక విడివిడిగా తేలి, ఆ తర్వాత ఒక వస్తువుగా కూడుతాయి. 1996లో ఫ్రాన్సులో సైమన్ థోర్ప్ బృందం ఒక్కొక్క బొమ్మను 20 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి, అందులో జంతువు ఉందో లేదో చెప్పమంది. 150 మిల్లీసెకన్లకే మెదడు ఆ తేడా పట్టేసింది! పేరు పైకి రావాలంటే మొత్తం 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. తగిన మాటను ఏరుకోవాలి, దాని ధ్వనులు కూర్చుకోవాలి, నాలుక కదపాలి.

రెండు భాషలవారి సంగతి ఇంకా ఆసక్తికరం. 2005లో అమెరికాలో తమార్ గొల్లన్ బృందం స్పానిష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారిని, ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవారిని పోల్చి చూసింది. బొమ్మలోని వస్తువు ప్రకృతిసిద్ధమైనదా, మనిషి చేసినదా అని చెప్పటంలో ఇరువురూ సమానమే. పేరు చెప్పటంలో మాత్రం రెండు భాషలవారికి ఆలస్యమైంది, అదీ తమకు బాగా వచ్చిన భాషలోనే. వాడుక రెండు భాషలకూ పంచుకుపోవటంవల్ల ఒక్కొక్క మాటా తక్కువసార్లు నోట పలుకుతుందన్నది ఒక వివరణ. అంటే లోపం తెలివిలో లేదు, వాడుకలో ఉంది.

మన ఇళ్ళలో ఇటువంటి తడబాటు పడేది పిల్లలొక్కరే కాదు. వయసు మీరినకొద్దీ పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవటం అందరికీ ఎక్కువవుతుంది. బామ్మగారు మాటకోసం తడుముకుంటే మర్యాదగా ఆగుతాం. మనవడు తడుముకుంటే నవ్వుతాం. ఇదేం న్యాయం?

"వస్తువు తెలిస్తే చాలదా, పేరు ఏ భాషలో ఉంటేనేం?" అనేవారూ ఉన్నారు. మనం పిందె, కాయ, పండు అని మూడు పేర్లతో చూసే మామిడిని ఇంగ్లీషులో 'మాంగో' అన్న ఒక్క మాటతో సరిపెడతారు. లేత, ముదురు, పండినది అన్న తేడాను చూడమని ఆ పేర్లే పిల్లవాడికి చెబుతాయి. పైగా ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఆవిడకు అందేవి ఆ పేర్లే.

ఆదివారం తెలుగు తరగతుల్లో అక్షరాలు దిద్దిస్తున్నాం. సంతోషమే. కాని చదవటం వేరు, చూసి పేరు చెప్పటం వేరు. మాట చదవటానికి పట్టే సమయంకన్న వస్తువును చూసి పేరు చెప్పటానికి పట్టే సమయం ఎక్కువని 1886లోనే జేమ్స్ కాటెల్ కొలిచి చూపించాడు. కనుక పలకతో పాటు కూరల బుట్ట కూడా తరగతిలోకి రావాలి. బీరకాయ, గోంగూర, కరివేపాకు పిల్లల చేతికివ్వండి. అడిగాక కాస్త ఆగండి. అప్పటికీ రాకపోతే "బీ..." అని మొదటి అక్షరం అందించండి, తక్కినది వాళ్ళే అందుకుంటారు. మర్నాడు మళ్ళీ అడగండి. పేరును నిలబెట్టేది వాడుకే గాని గద్దింపు కాదు.