పిల్లలకేం కావాలో పిల్లలను అడిగామా?

ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు, ఏదైనా నాలుగు ముక్కల్లో చెబితేనే వింటారు అని పెద్దలమంతా అనుకుంటున్నాం. జల్సాలలోనూ మసీదు కమిటీ సమావేశాలలోనూ వినిపించే మాటే ఇది. ఇదే మాటను నమ్మి అమెరికాలో కొందరు పెద్దలు 175 కోట్ల డాలర్లు సమీకరించి ఒక వ్యాపారం పెట్టారు. అది ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. ఆ కథ మనకెందుకంటారా? కాస్త ఓపిక పట్టండి.

దాని పేరు క్విబీ. స్థాపించినవారు జెఫ్రీ కాట్జెన్‌బర్గ్, డ్రీమ్‌వర్క్స్ సంస్థాపకుల్లో ఒకరు. నడిపించినవారు మెగ్ విట్‌మన్, ఈబే సంస్థను పెంచి పెద్దచేసిన మహిళ. ఇద్దరూ అప్పటికే అరవై దాటినవారు. (అరవై దాటడం నేరమేమీ కాదు. నేనూ ఆ గడప దగ్గరే ఉన్నాను.) పేరున్న నటులతో, దర్శకులతో పది నిమిషాలకు మించని భాగాలు తీయించి, సెల్‌ఫోన్‌లో చూసేలా అమర్చారు. 2020 ఏప్రిల్ 6న ప్రారంభించారు. నెలకు 4.99 డాలర్లు, ప్రకటనలు వద్దనుకుంటే 7.99. అక్టోబరు 21న మూసివేస్తున్నట్టు ప్రకటించారు. డిసెంబరు 1తో అంతా ఆగిపోయింది.

కాట్జెన్‌బర్గ్ మొదట నెపమంతా కరోనా మీదికి నెట్టారు. బస్సులోనో, ఆఫీసు విరామంలోనో చూడవలసిన వాళ్లు ఇళ్లల్లో కూర్చుండిపోయారన్నది నిజమే. కానీ ఆ నెలల్లోనే ఇంట్లో కూర్చున్న యువత టిక్‌టాక్‌ను విరగబడి చూసింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించేదాకా మన వీధుల్లో పిల్లలూ చూశారు. రెండూ చిన్న వీడియోలే కదా! మరి తేడా ఎక్కడ?

టిక్‌టాక్‌కు డబ్బు కట్టనక్కరలేదు, అదొకటి. అంతకంటే పెద్ద సంగతి, అందులో పిల్లవాడు చూసి ఊరుకోడు. తానూ ఒకటి చేస్తాడు, ఎదుటివాడికి జవాబిస్తాడు, స్నేహితుడికి పంపి నవ్వుకుంటాడు. క్విబీలో ఆరంభంలో స్క్రీన్‌షాట్ తీసే వీలు కూడా లేదు. నచ్చిన దృశ్యాన్ని నలుగురికి చూపుకోలేని వినోదం! టీవీలో పెట్టి ఇంటిల్లిపాదీ చూసే సౌకర్యమూ తర్వాతే కలిపారు. కూర్చో, చూడు, డబ్బు కట్టు, మాట్లాడకు. పండగ షేర్వానీ కుట్టించడానికైనా పిల్లవాడి కొలత తీసుకుంటాం కదా, వీళ్లు అదీ చేయలేదు.

టిక్‌టాక్‌ను మెచ్చుకుంటున్నాననుకోకండి. అందులోని సిగ్గుమాలినతనం, కాలహరణం నాకు తెలియనివి కావు. అయినా రోగం తెలియాలంటే నాడి చూడక తప్పదు.

క్లుప్తత మంచిదే. దైవప్రవక్త (సఅసం) జుమా ప్రసంగాలు క్లుప్తంగానే ఉండేవి. కానీ ఆ సభలో ఎవరైనా నోరు విప్పగలిగేవారు. ఖుత్బా నడుస్తుండగానే ఒక బదూ లేచి వర్షం కోసం దుఆ చేయమని అడిగిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన వారించలేదు, చేతులెత్తి దుఆ చేశారు. ఎవరో ఒకరి ప్రశ్నతో మొదలయ్యే హదీసులు ఎన్ని ఉన్నాయో గ్రంథాలు తిరగేసి చూడండి. యువత కోసం కార్యక్రమాలు వేసే మసీదు కమిటీలు నిమిషాలు లెక్కపెట్టే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

నేనూ ఆ పొరపాటు చేసినవాణ్ణే. మగ్రిబ్ తర్వాత చెప్పే గంట దర్స్‌ను పది నిమిషాలకు కుదించాను. మొదటివారం పదిహేనుమంది వచ్చారు. నెల తిరిగేసరికి నలుగురు మిగిలారు. మానేసినవాళ్లలో ఒక కుర్రవాణ్ణి మసీదు మెట్ల దగ్గర ఆపి అడిగాను.

"గంటయినా కూర్చుంటాం హజ్రత్. మీ మాట అయిపోగానే దుఆ చేసి లేచిపోతారు. మేమెప్పుడు అడగాలి?" అన్నాడు.

వాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చిందట. వడ్డీ లెక్కలు రాసే పని. చేరవచ్చా, కూడదా అని మూడు వారాలు నన్ను అడగాలని చూశాడు. ఇంట్లో చూస్తే తండ్రి మంచాన ఉన్నాడు, చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. చివరికి ఫోనులో ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి చెప్పింది విని, ఆ రాత్రే కాగితాలు చించేశాడు.

ఇషా అజాన్ వినిపించేదాకా వాడితో ఆ మెట్ల మీదే కూర్చున్నాను. మధ్యలో ఇంకో ఇద్దరు వచ్చి చెప్పులు విడిచి పక్కన చేరారు.