సిమెంటు కింద పెరడు

తొలకరికి ముందు కారేపల్లిలోని మా ఇంటి పెరటిలో సిమెంటు నేలను పగలగొట్టాను. "అంత డబ్బు పోసి వేయించినదాన్ని నీ చేతులతో నువ్వే పగలగొట్టుకోవడమేమిటి?" అని అడగని బంధువు లేడు. నోటితో చెప్పిన జవాబు ఎవరికీ తృప్తినివ్వలేదు గనుక తీరికగా ఇక్కడ రాస్తున్నాను. ఈ టపా తోటపని తెలిసినవాడి పాఠం కాదు. ఒకసారి తప్పు చేసి దిద్దుకున్నవాడి అభిప్రాయం మాత్రమే.

కొన్నేళ్ల క్రితం ఒక వానాకాలంలో అమ్మ పెరటి బురదలో జారిపడింది. ఆ భయంతో గోడ నుంచి గోడ దాకా సిమెంటు చేయించాను. బురద పోయింది, ఊడవడం సులువైంది. ఆ సౌకర్యాన్ని నేను కాదనను. కానీ రెండో వేసవికే దాని వెల తెలిసింది. పొద్దుగూకాక కూడా ఆ నేలపై చెప్పులు లేకుండా అడుగు పెట్టలేకపోయేవాళ్లం. వాన నీరంతా నిలవకుండా వీధి కాలువలోకి పరుగెత్తేది. చుట్టూ జానెడు పాదు మాత్రమే మిగిలిన అమ్మ మల్లెతీగ ఎండిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పూలు కొనుక్కోవడం మొదలుపెట్టింది. ఆ మౌనమే నా చేత గడ్డపార పట్టించింది.

లెక్క చిన్నదే. 100 చదరపు మీటర్ల స్థలంపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు. దాన్ని వీధిలోకి తోసేసి, వేసవిలో బోరు అడుగంటిందని వాపోవడం మనకే చెల్లింది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో 'నీరు-మీరు' కార్యక్రమం వచ్చాక 'ఇంకుడు గుంత' అనే మాట ఊరూరా వినబడింది. మాట మన నోట నిలిచింది గానీ, మా వీధిలో మాత్రం నేలంతా సిమెంటైంది.

నేను చేసిన పనులకు మేస్త్రీతో అవసరం పడలేదు. మొదట ఒక వాన కురిసేదాకా ఆగి, నీరు ఎటు వాలుతున్నదో చూశాను. పెరటి పనికి ఇంతకు మించిన నక్షా లేదని నా నమ్మకం. ఆ వాలు చివర, పునాదికి దూరంగా, మీటరు లోతు గుంత తీసి అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపైన ఇసుక నింపాను. ఖమ్మం గ్రానైటుకు పేరున్న జిల్లా గదా, ముక్కలకు కొదవ లేదు. వాటిని 2 అంగుళాల ఇసుకపై, మధ్య వేలెడు సందు వదిలి పరిచాను. నునుపు వైపు కిందికి, గరుకు వైపు పైకి ఉండాలి. లేకపోతే తడిలో మళ్లీ జారిపడడమే. అమ్మ నడవడానికి ఆ దారి చాలు. మిగిలినదంతా మట్టే.

స్నానాల నీటిని చిన్న కాలువ తీసి అరటి, చేమ పాదులకు మళ్లించాను. ఎక్కడా నిలవ ఉండనీయకూడదు, ఉంటే దోమలకు నెలవు. గోడవారగా గోరింట కొమ్మలు గుచ్చాను, దడి అవుతుంది. సొరపాదుకు వెదురు గుంజలతో పందిరి వేశాను. రాలిన ఆకును తగలబెట్టకుండా మొక్కల మొదళ్లలో పరిచాను, తడి ఆరదు.

పెరటి అందమంటే పరిచిన పచ్చిక, వరుసగా కత్తిరించిన మొక్కలు అనే భావన మనలో బలపడింది. మా వేసవిలో పచ్చికను బతికించాలంటే రోజూ నీరు పోయాలి. త్వరగా పచ్చబడుతుందని ఊరూరా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో ఎక్కడా నాటరాదని నిషేధించింది. పచ్చగా కనబడేదల్లా నేలకు మేలు చేయదు. మా జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి దరిపల్లి రామయ్యగారు విత్తనాలు సేకరించి, సైకిలుపై తిరుగుతూ నాటారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పనిలో నన్ను ఆకట్టుకునేది సంఖ్య కాదు, కొనుగోలు లేకపోవడం. చుట్టూ ఉన్న చెట్టును గమనించి, దాని గింజనే ఏరుకోవడం.

మా మండలం పేరు సింగరేణి. 1920లో ఆ పేరు ధరించిన బొగ్గు సంస్థకు అది ఇక్కడి నుంచే వెళ్లింది. నేల లోపల ఏముందో వందేళ్లకు పైగా వెతికిన ప్రాంతం మాది. పైనున్న జానెడు మట్టి విలువ మాత్రం, దాన్ని కప్పేశాక గానీ నాకు తెలియలేదు. మట్టిలో పురుగూ పుట్రా ఉంటాయి, కాళ్లకు అంటుకుంటుంది, నిజమే. అందుకు నడిచేంత మేర రాయి వేసుకుంటే సరిపోతుంది. పెరడంతా మూసేయనక్కరలేదు.

మిత్రులారా, మీ ఇంటి వెనుక మూరెడు మట్టి మిగిలి ఉంటే దాన్ని అలాగే ఉండనివ్వండి. మొన్న అమ్మ పొరుగింటి నుంచి ఒక మల్లె అంటు తెచ్చి నాటింది. "దీని చుట్టూ ఏమీ వేయకు" అంది. అన్నేళ్ల తరువాత ఆమె అన్న మాట అదొక్కటే.