బీరువాలోని ఆట, గాలిలోని ఆట

మా కళాశాల కామన్ రూంలో కిటికీ ప్రక్కన ఒక ఇనుప బీరువా ఉన్నది. అందులో రెండు చదరంగపు పెట్టెలు, క్యారమ్ పౌడరు డబ్బాలు, తీగ తెగిన ఒక బాడ్మింటన్ రాకెట్టు, వాటి సరసన నాలుగు వీడియో గేమ్ డిస్కులు ఉన్నవి. నాలుగింటిలో ఒకదానిపై గీత పడినది. అది సగం ఆట నడచి ఆగిపోతుంది. మిగిలిన మూడు ఈనాటికీ చక్కగా ఆడుతున్నవి. ఇవి కాక మరి ఆరు ఆటలు విద్యార్థి సంఘం సొమ్ముతో కొన్నట్లు లెక్కల పుస్తకంలో వ్రాసి ఉన్నది. ఆ ఆరూ బీరువాలో లేవు. అవి ఎక్కడ ఉన్నవని మొదటి సంవత్సరం విద్యార్థులు అడిగినప్పుడు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయినాము.

జరిగినది ఇది. పూర్వ విద్యార్థులు కొందరు కలిసి కామన్ రూంకు ఒక ఆట యంత్రాన్ని, దానితోపాటు నాలుగు డిస్కులను బహూకరించినారు. మరుసటి సంవత్సరం పండుగ తగ్గింపు ధరలు చూచి సంఘం వారు ఆరు ఆటలను డౌన్‌లోడు పద్ధతిన కొన్నారు. అందుకు ఒక ఖాతా తెరువవలసి వచ్చినది. ఖాతాకు ఒక మనిషి పేరు, ఒక మొబైల్ నంబరు కావలెను. సంఘానికి సొంత నంబరు లేదు గనుక అప్పటి కార్యదర్శి గారు తన నంబరే ఇచ్చినారు. ఆయన డిగ్రీ పూర్తి చేసుకొని ఉద్యోగానికై గల్ఫుకు వెళ్లినారు. ఇక్కడి నంబరు రీచార్జి లేక రద్దయినది. ఈలోగా యంత్రం చెడిపోగా బాగు చేయించినాము. మరమ్మతు చేసిన అతను దానిలో ఉన్నదంతా తుడిచి, కొత్తదాని వలె చేసి ఇచ్చినాడు. తిరిగి ఆటలు దింపుకొనబోతే పాస్‌వర్డు అడిగినది. మరచిపోయినామంటే పాత నంబరుకు ఓటీపీ పంపుతానన్నది. ఆ నంబరు ఇప్పుడు ఏ ఊరిలో ఎవరి చేతిలో ఉన్నదో! సంస్థకు ఉత్తరం వ్రాసినాము. ఖాతా వ్యక్తిగతమనీ, మరొకరి పేరుకు బదిలీ చేయుటకు వీలుపడదనీ మర్యాదగానే జవాబు వచ్చినది. అదే సాయంకాలం బీరువాలోని డిస్కులను పెట్టి చూచినాము. మూడూ ఆడినవి.

కార్యదర్శి గారిని మేము తప్పు పట్టము. సంఘానికి నాలుగు వందలు మిగిల్చినారని ఆనాడు మేమే చప్పట్లు కొట్టినాము.

ఇప్పుడు కళాశాల కమిటీ వారు కామన్ రూం కొరకు మరల కొంత పైకం మంజూరు చేయదలచి, ఆటలను డిస్కులుగా కొనవలెనా, డౌన్‌లోడుగా కొనవలెనా అని విద్యార్థుల అభిప్రాయం అడిగినారు. మా అభిప్రాయం డిస్కుల వైపే ఉన్నది. అయితే "డిస్కు చేతికి దొరుకుతుంది, డౌన్‌లోడు దొరకదు" అని ఒక్క మాటలో తేల్చివేయదగినంత సులువైన విషయం కాదిది. కావున కొంత వివరంగా వ్రాయుచున్నాము.

మొదట 'కొనుట' అను మాటను చూడవలెను. మన ఊరిలో మాలిక్ అన్నా, కిరాయేదార్ అన్నా ఉర్దూ వారికీ తెలుగు వారికీ సమానంగా అర్థమవుతుంది. ఇల్లు కొన్నవాడు మాలిక్. నెలనెలా బాడుగ కట్టేవాడు కిరాయేదార్. డౌన్‌లోడు ఆటను కొన్నవాడు ఈ ఇద్దరిలో ఎవరూ కాడు. బాడుగంతా ఒకేసారి కట్టి, ఎన్నాళ్లు ఉండనిస్తారో తెలియక ఉండేవాడు. ఒప్పందంలో అతనికి లభించేది వాడుకొనుటకు అనుమతి మాత్రమే. ఈ సంగతిని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టంలోనికే ఎక్కించినది. 2024లో చేసి 2025 జనవరి 1 నుండి అమలుకు తెచ్చిన ఆ చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌లో ఆటలు, సినిమాలు, పుస్తకాలు అమ్మే దుకాణం, ఇచ్చేది అనుమతి మాత్రమేనని స్పష్టంగా తెలుపకుండా 'కొనండి' అను మాటను వాడరాదు. శాశ్వతంగా దింపుకొని నెట్ లేకుండానే వాడుకొనదగిన వాటికి మాత్రం మినహాయింపు ఉన్నది. ఈ మినహాయింపును పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. మరల దీని వద్దకే వస్తాము.

చేతులు మారుటయే వస్తువు గుణం. ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటపై పరచిన పాత పుస్తకాలను కొని చదువుకొన్నవారు మనలో ఎందరో ఉన్నారు. హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినవి. ఒకచోట ఉర్దూ ఫారసీ గ్రంథాలు, మరొకచోట తెలుగు గ్రంథాలు కొన్ని తరాల పాఠకుల చేతులు మారినవి. ఎరువిచ్చినప్పుడెల్లా ప్రచురణకర్త అనుమతి ఎవరూ అడుగలేదు. మా అన్నలు 1990లలో ఆడుకొన్న టీవీ గేమ్ 'క్యాసెట్లు' కూడ అంతే. ఒకరి ఇంటి నుండి మరొకరి ఇంటికి, వీధి చివర అద్దె దుకాణానికి, అక్కడి నుండి ఎవరి బంధువుల ఊరికో పోయేవి. ఆడకపోతే అడుగుభాగంలో నోటితో ఉఫ్ అని ఊదేవారు. అది వైద్యమా, నమ్మకమా అను చర్చ మా ఇండ్లలో నేటికీ తెగలేదు.

ఈ చేతులు మారే హక్కును తీసివేయబోతే ఏమవుతుందో 2013లో లోకమంతా చూచినది. ఆ ఏడాది మే నెలలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాన్ని ప్రకటించినది. డిస్కు కొన్నప్పటికీ ఆట ఖాతాకే ముడిపడి ఉండుననీ, యంత్రం 24 గంటలకొకసారి ఇంటర్నెట్ ద్వారా సంస్థకు హాజరు చెప్పవలెననీ, ఆటను మిత్రునికి ఇచ్చివేయుటకు కూడ హద్దులున్నవనీ షరతులు పెట్టినది. జూన్‌లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ప్రదర్శనలో సోనీ సంస్థ, తన ప్లేస్టేషన్ 4కు ఇట్టి షరతులు ఉండవని చెప్పగానే సభ హర్షధ్వానాలతో మారుమ్రోగినది. ఆటను పంచుకొనుట ఎట్లో నేర్పుతామంటూ సోనీ వారు ఒక చిన్న వీడియో కూడ విడుదల చేసినారు. ఒకరు డిస్కు పెట్టెను చేయి చాచి ఇస్తారు, మరొకరు అందుకొంటారు. అంతటితో పాఠం ముగిసినది. జూన్ 19 నాటికి మైక్రోసాఫ్ట్ తన షరతులను ఉపసంహరించుకొన్నది. విచిత్రమేమనగా, ఆనాడు అంత కోలాహలం చేసిన జనమే క్రమంగా తమంత తాముగా డౌన్‌లోడు వైపు నడచినారు. 2024 నవంబరులో అదే సోనీ సంస్థ విడుదల చేసిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్కు పెట్టే భాగమే లేదు; కావలసినవారు విడిగా కొని తగిలించుకొనవలెను.

జనం ఊరకే నడువలేదు. డౌన్‌లోడులో సుఖమున్నది. దుకాణం లేని ఊరివారికి, సాయంకాలం దుకాణాల వెంట తిరుగ వీలుకాని మా సోదరీమణులకు అది తలుపు తీసినది. గీత పడదు, పోదు, వాన నీటికి తడువదు. డిస్కులు ముద్రించే స్తోమత లేని చిన్న తయారీదారులకు అదే రాజమార్గం. పూనాలోని ఒక చిన్న బృందం చేసిన 'రాజీ' అను భారతీయ ఆట 2020లో డౌన్‌లోడు దుకాణాల ద్వారానే లోకానికి పరిచయమైనది. ఒక విద్యార్థి తన పైకంతో, తన ఫోనులో, తన ఆనందం కొరకు కొనుక్కొంటే మేము అడ్డు చెప్పము. మాలో చాలమంది చేసేదీ అదే. మా వాదం ఉమ్మడి సొత్తును గురించి మాత్రమే.

ఇక డిస్కుల పక్షాన నిలిచిన మమ్ములను ఇరుకున పెట్టే సంగతి కూడ దాచక చెప్పవలెను. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో 'ద క్రూ' అను కార్ల పందెపు ఆటను విడుదల చేసినది. ఒంటరిగా ఆడుకొన్నప్పటికీ సంస్థ సర్వరుతో సంబంధం ఉండి తీరవలెను. 2024 మార్చి 31తో ఆ సర్వర్లను మూసివేసినారు. డౌన్‌లోడు కొన్నవాని ఆట, డిస్కు కొన్నవాని ఆట ఒక్కసారే ఆగిపోయినవి. డిస్కు మాత్రం అలమరలో తళతళలాడుతూనే ఉన్నది! దీనిపై మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమంలో భాగంగా యూరోపియన్ యూనియన్‌కు ఇచ్చిన పౌరుల విజ్ఞాపనపై 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటినవి. అమ్మిన ఆటను సంస్థ విడిచిపెట్టదలచినప్పుడు, కొన్నవారు ఆడుకొనదగిన స్థితిలో విడువవలెనన్నదే వారి కోరిక. ఆటను ఎల్లకాలం నడుపుమని వారు అడుగలేదు.

పెట్టెలో డిస్కున్నంత మాత్రాన ఆట ఉన్నట్లు కాదని తెలుపు ఉదాహరణలు ఇంకను ఉన్నవి. 2022లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2' ప్లేస్టేషన్ 5 డిస్కులో నూరు మెగాబైట్లు కూడ లేవు, అసలు ఆటంతా నెట్ నుండి దింపుకొనవలసినదే. 2025 జూన్‌లో విడుదలైన నింటెండో స్విచ్ 2కు 'గేమ్ కీ కార్డు' అను పద్ధతి వచ్చినది. కార్డులో ఉండేది తాళంచెవి మాత్రమే, ఇల్లు వేరొకచోట ఉన్నది. ఆ తాళంచెవిని మరొకరికి ఇవ్వవచ్చును, అమ్ముకొనవచ్చును, అంతవరకు మేలే. ఆట దాచిన చోటు మూతబడితే ఆ చెవితో తెరుచుకొనే తలుపేదీ ఉండదు. నింటెండో వారే 2023 మార్చి 27న వీ యూ, 3డీఎస్ యంత్రాల డౌన్‌లోడు దుకాణాలలో అమ్మకాలు నిలిపివేసినారు. డౌన్‌లోడుగా మాత్రమే వచ్చిన ఆటలను కొత్తవారు న్యాయమార్గాన కొనే దారి దానితో మూసుకొన్నది.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు వచ్చిన ఆటలలో 87 శాతం నేడు అంగడిలో దొరకవు. మన దేశంలో 1954 నాటి చట్టం వలన ప్రచురితమైన ప్రతి పుస్తకం కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి చేరవలెను. ఆటలకు అట్టి ఆశ్రయం లేదు. అవి ఎక్కడైనా మిగిలితే ఎవరో కొని దాచుకొన్న బీరువాలలోనే మిగులుతవి.

కావున మేము పాటించదలచిన పరీక్ష ఒక్కటే: ఇచ్చిన చోట మన చేతిలో పూర్తి ఆట ఉన్నదా, మన తరువాత వచ్చేవారి చేతికి అది పోగలదా? మా కళాశాలలో ఏ విద్యార్థీ మూడేండ్లకు మించి ఉండడు. సంఘం కార్యవర్గం ఏటేటా మారుతుంది. ఇట్టి చోట ఒక మనిషి పేరుతో ముడిపడిన వస్తువును కొనుట, వెళ్లిపోయే విద్యార్థి పేరున గ్రంథాలయ పుస్తకాలన్నీ వ్రాసివేయుటతో సమానం. మంజూరయ్యే పైకంతో డిస్కులే కొనవలెను. వాటిలోనూ నెట్ తీగ పీకివేసి ఆడించి చూచి, మొదటినుండి చివరివరకు నడచునవి మాత్రమే కొనవలెను. పైకం చెల్లించే ముందే దుకాణదారుని ఈ పరీక్షకు ఒప్పించుట కొంత కష్టమే. ఒప్పుకొనే దుకాణదారులు ఉన్నారు, మేము విచారించినాము.

కంప్యూటర్ లాబులో ఆడదగిన ఆటల విషయంలో మరొక దారి ఉన్నది. పోలాండుకు చెందిన జీఓజీ అను దుకాణం 2008 నుండి తాళం లేని డౌన్‌లోడు ప్రతులను అమ్ముచున్నది. వాటిని దింపి భద్రపరచుకొంటే ఖాతా పోయినా ఆట పోదు. కాలిఫోర్నియా చట్టం మినహాయించినది ఇట్టివాటినే. అందులోనూ అనుమతి షరతులున్నవి, అమ్ముకొనే వీలు లేదు; ఐనను సాయంకాలం ఓటీపీ కొరకు గల్ఫుకు ఫోను చేయవలసిన అవసరం రాదు. డౌన్‌లోడు తప్పనిసరి ఐన చోట ఖాతాను కళాశాల ఈమెయిలు పేరున తెరచి, దాని వివరాలను కమిటీ వారి సీలు వేసిన కవరులో ఉంచవలెనని మా మనవి.

ఇక గ్రంథపాలకుల వారికి ఒక విన్నపం. ఆటలకు అక్సెషన్ నంబరు వేయుమంటే వారు నవ్వినారు. నవ్వినా సరే, పుస్తకాలకు వేసిన చోటనే డిస్కులకూ నంబరు వేసి, గుర్తింపు కార్డుపై ఒక రాత్రికి ఇచ్చి, మరునాడు పది గంటలకు తిరిగి తీసుకొనే ఏర్పాటు చేయగలరని ఆశిస్తున్నాము. ఆలస్యానికి జరిమానా పెట్టినా మాకు అభ్యంతరం లేదు. బీరువాలోని నాలుగు డిస్కులను మొదటి నాలుగు నంబర్లుగా వ్రాయవచ్చును. గీత పడిన దానిని జాబితా నుండి తొలగించవద్దు. డిస్కులను సానబట్టి గీతలు తీసే వ్యక్తి ఒకరు సికింద్రాబాదులో ఉన్నారని తెలిసినది. వచ్చే వారం తీసుకొని వెళ్లి చూపించబోతున్నాము.